మోకాటి చిప్ప నొప్పి: పేరు వేరు, నిర్ణయము వేరు

ఆటలాడే పిల్లవాడు మోకాలు పట్టుకొని కూర్చుంటే, పెద్దలు సాధారణంగా "ఎదుగుదల నొప్పులు" అని తేల్చివేస్తారు. ఈ మాటలో ఓదార్పు ఉన్నదే గాని నిర్ణయము లేదు. వైద్యులు ఆ పేరుతో వ్యవహరించే నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోను, సాయంకాలమో రాత్రియో వచ్చి తెల్లవారేసరికి పోతుంది, కుంటించదు. పరుగెత్తినప్పుడు, దూకినప్పుడు చిప్ప వద్దనే వచ్చే నొప్పికి ఆ పేరు పెట్టుట సరికాదు.

వైద్య గ్రంథాల పేర్లు ఇంతకంటె మేలైనవే. చిప్ప క్రింద, ముంగాలి ఎముక గుబ్బ వద్ద కలిగే బాధను 1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, జూరిచ్‌లో ష్లాటర్ వేర్వేరుగా వర్ణించారు. చిప్ప అడుగు కొన వద్ద కలిగే దానిని 1921లో నార్వే వైద్యుడు సిండింగ్ లార్సెన్, 1922లో స్వీడన్ వైద్యుడు యోహాన్సన్ తెలిపారు. రెంటికీ కారణమొకటే. తొడ ముందరి కండరపు లాగుడంతా చిప్ప మీదుగా ఆ గుబ్బకు చేరుతుంది. ఎదిగే వయస్సులో అచ్చట ఉన్నది ఇంకను గట్టిపడని మృదులాస్థి. మాటిమాటికి లాగినచో అదే ముందుగా దెబ్బతింటుంది. వీటికి "వ్యాధి" అన్న పదము తగిలించుటచేత తలిదండ్రులకు అనవసర భయము కలుగుతున్నది. ఎదుగుదల పూర్తికాగా ఇవి చాలవరకు తగ్గిపోతాయి. అంతవరకు నొప్పిని బట్టి ఆట తగ్గించుకోవలెను; పూర్తిగా మానివేయవలసిన అవసరము సాధారణంగా ఉండదు.

ఎక్స్-రే తీయిస్తే అంతా తేలిపోతుందన్న నమ్మకము మరొక లోపము. నొప్పి లేని పిల్లలలో కూడ ఎదిగే ఎముక చివరలు ముక్కలుగా కనబడవచ్చును. వ్రేలితో నొక్కి నొప్పి స్థానము చూచుట ఇచ్చట ముఖ్యము. గుబ్బ మీదనా? చిప్ప అడుగు కొననా? లేక మెట్లు దిగునప్పుడు, ఖోఖోలో గొంతుక్కూర్చున్నప్పుడు చిప్ప చుట్టూ వ్యాపించేదా? ఈ మూడవది వేరొక రకము.

అన్నిటికంటె పెద్ద లోపము మోకాటి దగ్గరనే ఆగిపోవుట. తుంటి కీలులో తొడ ఎముక తల జారినప్పుడు, అచ్చటికి పోయే నాడి మోకాటికిని పోవుటచేత, నొప్పి మోకాటిలో మాత్రమే తెలియవచ్చును. కుంటుట, పాదము బయటికి తిరిగి ఉండుట, తుంటిని లోపలికి త్రిప్పలేకపోవుట దీని గుర్తులు. దీనికి శస్త్రచికిత్స కావలెను; ఆలస్యమైతే కీలు శాశ్వతముగా చెడవచ్చును. అట్టి పిల్లవానిని నడిపించక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. జ్వరము, దెబ్బ తగలని వాపు, ఒకే కాలిలో నిద్ర లేపే నొప్పి ఉన్నను జాప్యము తగదు.

వ్యాయామోపాధ్యాయుడు రోగనిర్ణయము చేయనక్కరలేదు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఒక కాలిలోనా రెండింటిలోనా, కుంటుతున్నాడా అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసి పంపినచో వైద్యునికి ఎంతో సాయము చేసినట్లే.