వాగ్దానపు కార్డు, దాని చుట్టూ ఉన్న అధ్యాయం

తెలుగు క్రైస్తవ సంఘాలు చాలావాటిలో డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధనకు రెండు భాగాలుంటాయి. పన్నెండు కొట్టేదాకా పాటలు, సాక్ష్యాలు, గడిచిన ఏడాదికి కృతజ్ఞత. పన్నెండు దాటాక వాగ్దానపు కార్డులు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. కొండో పువ్వో జలపాతమో వెనక బొమ్మగా ఉంటుంది, దాని మీద ఒక బైబిలు వచనం, కింద సంఘం పేరు, కొన్నిచోట్ల పాస్టరు గారి ఫొటో కూడా. ఆ ఏడంతా ఆ వచనమే ఆ మనిషికి దేవుడిచ్చిన మాట. దాన్ని బైబిల్లో దాచుకునేవాళ్లున్నారు, బీరువా తలుపుకు అంటించేవాళ్లున్నారు, ఫోను కవరులో పెట్టుకు తిరిగేవాళ్లున్నారు.

లేఖనాన్ని రోజువారీ బతుకులోకి తెచ్చుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. చదువురాని అవ్వ కూడా మనవరాలితో చదివించుకుని ఒక్క వచనాన్ని ఏడాది పొడుగునా నోట నిలుపుకోగలదు. కనుక ఈ అలవాటును మూఢనమ్మకమని తీసిపారేయడం తొందరపాటు. చిక్కు కార్డులో లేదు, కార్డు దగ్గరే ఆగిపోవడంలో ఉంది.

తెరిచిన పేజీలోనో తీసిన చీటీలోనో దేవుడి మాట వెతుక్కోవడం చాలా పాతది. 386లో మిలాను నగరంలోని ఒక తోటలో అగస్టీను పౌలు పత్రికలు తెరిచి, మొదట కంటబడిన రోమా 13:13-14 వచనాలను తనకే చెప్పినట్టు తీసుకున్నాడు. ఆయన జీవితం అక్కడే మలుపు తిరిగింది. అదే అగస్టీను బిషప్పు అయ్యాక, లోకవ్యవహారాల కోసం సువార్తల పేజీలతో చీటీలు చూసుకోవడం తనకు నచ్చదని ఒక ఉత్తరంలో రాశాడు. 506లో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న అగ్ద్ పట్టణంలో కూడిన సభ ఇలాంటి సోదెను నిషేధించింది. అయినా అలవాటు చావలేదు. జర్మనీలోని హెర్న్‌హుట్ గ్రామంలో 1728 మే 3న జింజెన్‌డార్ఫ్ అనే కౌంటు మరునాటి కోసం విశ్వాసులకు ఒక వాక్యం ఇచ్చాడు. 1731 నుంచి రోజుకొక వాక్యం చొప్పున అది ఏటేటా పుస్తకంగా వస్తోంది. అక్కడ ఇప్పుడు నడిచే పద్ధతి ముచ్చటైనది. పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి నిర్ణయిస్తారు. దానికి జోడుగా ఉండే కొత్త నిబంధన వచనాన్ని మాత్రం చదివి, ఆలోచించి ఎంచుతారు. మన కార్డుకు ఆ జోడు లేదు.

జోడు లేకపోతే ఏమవుతుందో యిర్మీయా 29:11 చూపిస్తుంది. దేవుడి ఉద్దేశాలు కీడువి కావు, మేలువేనన్న ఆ వచనం కార్డుల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని తీసినవాళ్లు ఆ ఏడాదే ఉద్యోగమో వీసానో పెళ్లో కుదురుతుందని అనుకోవడం సహజం. అది నిజానికి క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపోయినవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరంలోని మాట. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో చెర ముగుస్తుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. యిర్మీయా అది అబద్ధమన్నాడు. డెబ్బై ఏళ్లు పడుతుందని 29:10లో స్పష్టంగా ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5 నుంచి 7 వచనాలు చెబుతాయి. వాగ్దానాన్ని హనన్యా గడువుతో చదివితే మార్చి నెలకల్లా నిరాశ వస్తుంది. యిర్మీయా గడువుతో చదివితే చేయాల్సిన పని దొరుకుతుంది. కువైట్‌లో సెలవు రోజైన శుక్రవారం ఆరాధనకు చేరే తెలుగువాళ్లకు పదకొండో వచనం కంటే, ఉన్న పట్టణం క్షేమం కోరమనే ఏడో వచనమే దగ్గర కావచ్చు. కార్డు మీద అది కనిపించడం అరుదు.

ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయానికీ ఇదే గతి. తోకగా కాక తలగా ఉంచుతాననే 13వ వచనం కార్డుల్లో బాగా చెల్లుతుంది. ఆజ్ఞలు విని నడుచుకుంటేనే అన్న షరతు అదే వచనంలో ఉన్నా, అచ్చులో తరచు రాలిపోతుంది. ఆ అధ్యాయంలో 68 వచనాలుంటే దీవెనలు మొదటి 14లో ముగుస్తాయి. మిగిలిన 54 శాపాలు. తలా తోకా తారుమారయ్యే సంగతి 44వ వచనంలో ఉంది. దానికి నాలుగు అధ్యాయాల ముందు, కూలివాడి కూలి పొద్దుగూకేలోపు ఇచ్చెయ్యమనే ఆజ్ఞ ఉంది. లేవీయకాండము 19లో తూకాలూ కొలతలూ సరిగా ఉండాలన్న మాట ఉంది. మేస్త్రీకో దుకాణదారుకో ఏడాది పొడుగునా రోజూ పనికొచ్చే వచనాలు ఇవే. వాటిని పళ్లెంలో వేస్తే కార్డు మార్చుకుంటామనే వాళ్లు ఎక్కువవుతారు కాబోలు!

వచనం నిజమైనదే అయినా దాన్ని వాడిన తీరు తప్పు కావచ్చని బైబిలే ఒప్పుకుంటుంది. మత్తయి 4లో యేసును దేవాలయ శిఖరం మీంచి దూకమన్న సాతాను 91వ కీర్తనలోని మాటనే ఆధారంగా చూపుతాడు. యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు. దేవుణ్ణి పరీక్షించవద్దన్న మరో లేఖనాన్ని దాని పక్కన పెట్టాడు.

ఎప్పుడో ఎవరికో రాసిన మాట ఈనాటి మనిషికి సూటిగా తగలదని దీని అర్థం కాదు. జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1939 జూన్‌లో అమెరికాలో క్షేమంగా ఉన్నాడు. శీతకాలానికి ముందే రమ్మని పౌలు తిమోతికి రాసిన చిన్న కబురు (2 తిమోతి 4:21) ఆ నెల 26న ఆయన కంటబడి, మనసులోంచి పోలేదు. దాన్ని తనకు చెప్పినట్టు తీసుకోవడం లేఖనాన్ని దుర్వినియోగం చేయడం కాదని డైరీలో రాసుకున్నాడు. గమనించాల్సింది ఒకటుంది. అక్కడ ఉండిపోకూడదన్న నిర్ణయం ఆయన జూన్ 20నే తీసుకున్నాడు. వచనం ఆ నిర్ణయానికి బదులుగా రాలేదు, దాని వెంట వచ్చింది. పైగా అది ఆయనకు లాభం చూపలేదు, హిట్లరు జర్మనీకి తిరిగి రమ్మంది. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని అక్కడే ఉరితీశారు.

వచనం ఎవరికి చెప్పిందన్న ప్రశ్న వాగ్దానాల కంటే ఆజ్ఞల దగ్గర మరీ అవసరం. వాగ్దానం తనకు తీసుకుని ఆజ్ఞను పక్కవాళ్లకు అందించడం మనుషులకు ఇష్టమైన పని. మొగుడూపెళ్లాల తగాదాల్లో పెద్దమనుషులు ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం తెరుస్తారు. భార్య లోబడి ఉండాలన్న మాట 22 నుంచి 24 వరకు మూడు వచనాలు. ఒకరికొకరు లోబడి ఉండండన్న 21వ వచనం వాటికి ముందే ఉంది. 25 నుంచి 33 వరకు దాదాపు అంతా భర్తకే: క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించాలని, ఆమెను తన సొంత శరీరంలా పోషించాలని. దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషికి ఆ మూడూ చదివి, ఎదురుగా కూర్చున్న భర్తకు ఆ తొమ్మిదీ చదవకుండా బైబిలు మూసేస్తే, జరిగింది పెద్దమనుషుల తీర్పే గాని పౌలు పత్రిక చెప్పింది కాదు.