మూడు కార్డుల సంగీతమేనా? - బ్లూస్ గిటార్, సాంకేతిక జ్ఞానం, మన విమర్శ

బ్లూస్ గిటార్ నేర్పే పుస్తకం యేది తిరగేసినా మొదట్లో వొకటే మాట: యిది తేలిక, మూడు కార్డులు, అయిదు స్వరాలు, పన్నెండు బార్లు చాలు. ఆ తర్వాత సామాను జాబితా. యే గిటారు కొనాలి, యే యాంప్లిఫయర్, యే పెడల్. మరోవైపు నల్లజాతి సాహిత్యం గురించి మాట్లాడే మనవాళ్ళు బ్లూస్‌ని ‘బానిసల కన్నీటి పాట’ అని వొక్క వాక్యంలో తేల్చేస్తారు. మొదటివాళ్ళు మనుషుల్ని తీసేసి టెక్నిక్‌ని వుంచుకున్నారు. రెండోవాళ్ళు టెక్నిక్‌ని తీసేసి కన్నీళ్ళని వుంచుకున్నారు. రెండుచోట్లా పోయింది మాత్రం వొకటే: ఆ సంగీతాన్ని తయారుచేసినవాళ్ళకు తెలివి వుందన్న సంగతి.

ముందు పాఠమే చూద్దాం. ‘ఇ’ శ్రుతిలో బ్లూస్ అంటే నాలుగు బార్లు ఇ కార్డు, రెండు బార్లు ఎ, మళ్ళీ రెండు ఇ, వొక బారు బి, వొక బారు ఎ, చివరి రెండు ఇ. మొత్తం పన్నెండు. యీ లెక్క యిట్లా యెందుకుంది? పాటలో మూడు పాదాలుంటాయి. మొదటి పాదాన్నే రెండోసారీ పాడతారు, మూడోది దానికి జవాబు. వొక్కో పాదానికి నాలుగు బార్లు. గొంతు అందులో సుమారు సగమే తీసుకుంటుంది. మిగతా సగంలో గిటారు బదులు పలుకుతుంది. చేలల్లో, రోడ్డు పనుల్లో వొకరు పాడితే గుంపు అందుకునే పనిపాటల పద్ధతి యిది. గుంపు చేసే పనిని యిక్కడ గిటారు చేస్తోంది. యిది తెలియకుండా పన్నెండు బార్లూ సందు లేకుండా వాయించే కుర్రాడికి కార్డులొచ్చాయి గానీ బ్లూస్ రాలేదు.

యిక అయిదు స్వరాలు. ఇ, జి, ఎ, బి, డి. మన లెక్కలో షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. సంగీతం చదువుకున్న పండితుడు వెంటనే ‘యిది మా శుద్ధ ధన్యాసే గదా’ అంటాడు. స్వరాల పట్టీ వరకూ నిజమే. కానీ బ్లూస్ గాయకుడి గాంధారం ఆ పట్టీలో చూపించినచోట నిలబడదు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ యెక్కడో తిరుగుతుంది. పియానోలో ఆ మెట్టే లేదు. గిటారు మెట్లమీదా లేదు. అందుకే తీగను వేలితో పక్కకి నెట్టి సాగదీశారు. లేదా సీసా మెడనో, కత్తినో తీగలమీద జార్చారు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌విలర్ రైల్వేస్టేషన్లో వొక నల్ల మనిషి తీగలకు కత్తి ఆనించి వాయించడం విన్నానని డబ్ల్యు.సి. హ్యాండీ రాసుకున్నాడు. గిటారు కొనలేని పిల్లలు గోడకి మేకులు కొట్టి, చీపురుకట్ట తీగ బిగించి, ఆ వొంటితీగ ‘డిడ్లీ బో’ మీదే నేర్చుకున్నారు. కావలసిన స్వరం వాయిద్యంలో లేకపోతే వాయించే పద్ధతినే మార్చేశారు. యిది కన్నీళ్ళతో అయ్యే పనేనా?

కరెంటు గిటారు సంగతికొద్దాం. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్ట. పైనున్న వుక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. 1930లలో కంపెనీలు యీ గిటార్లు తయారుచేసి అమ్మాయి. దాంతో యేం చెప్పవచ్చో కనిపెట్టినవాళ్ళు వేరే వున్నారు. మెంఫిస్ మిన్నీ అనే నల్ల స్త్రీ 1942 ఆఖరి రాత్రి షికాగో క్లబ్బులో ఐస్‌బాక్సు మీద కూర్చుని కరెంటు గిటారు వాయించింది. అది విన్న కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ 1943 జనవరిలో ‘షికాగో డిఫెండర్’లో రాశాడు. ఆ మోతలో ఆయనకు వెల్డింగు యంత్రాలూ, వుక్కు మిల్లూ వినిపించాయి. ఆ క్లబ్బు నడిపేవాళ్ళు నల్లవాళ్ళు కారని, వాళ్ళ ముఖాన నవ్వు లేదని కూడా ఆయన చూశాడు. యే గిటారు కొనాలో చెప్పే పుస్తకాల్లో మిన్నీ పేరు యెంత అరుదో గమనించండి.

మడ్డీ వాటర్స్‌వి రెండు రికార్డులు పక్కపక్కన పెట్టి వినాలి. 1941లో స్టోవల్ ప్లాంటేషన్లో కూలికి వున్నప్పుడు పాడిన ‘ఐ బీజ్ ట్రబుల్డ్’, 1948లో షికాగోలో పాడిన ‘ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్’. పాట దాదాపు వొకటే. స్లైడ్ పద్ధతీ అదే. కానీ చెక్క గిటారులో స్వరం పుట్టీపుట్టగానే ఆరిపోతుంది. కరెంటు గిటారులో నిలబడి గొంతుతో సమానంగా మాట్లాడుతుంది. యీ రెంటి మధ్య, 1943లో కూలి పెంచమని అడిగి, కాదంటే షికాగో రైలెక్కిన మనిషి వున్నాడు. పని దిగి వచ్చిన జనంతో కిక్కిరిసిన క్లబ్బులో చెక్క గిటారు యెవరికి వినపడుతుంది? అందుకని కరెంటు పట్టుకున్నాడు. 1958లో ఆయన యింగ్లండు వెళ్తే కొందరు విమర్శకులు ఆ హోరు భరించలేకపోయారు. వాళ్ళకు కావలసిన నల్లవాడు పల్లెలో చెక్క గిటారుతో యేడుస్తూ వుండాలి. నగరానికొచ్చి యంత్రం పట్టుకుంటే ‘అసలు’ది చెడిపోయినట్టు. యీ మాట మనం వినని మాటేం కాదు.

గిటారువాళ్ళు పడిచచ్చే ‘డిస్టార్షన్’ చూడండి. వాల్వు యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోస్తే శబ్దతరంగం అంచులు తెగుతాయి. స్వరం బొంగురుపోయి యెక్కువసేపు నిలుస్తుంది. 1951లో ‘రాకెట్ 88’ రికార్డింగుకి మెంఫిస్ వస్తుంటే దారిలో విల్లీ కిజార్ట్ యాంప్లిఫయర్ దెబ్బతిన్నది. స్పీకర్లో కాగితం కుక్కి వాయించారని చెబుతారు. ఆ బొంగురే పాటకు అందమైంది. యివాళ దాన్ని చిన్న డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. డబ్బా కొనుక్కోండి, తప్పులేదు. ఆ శబ్దం డబ్బాలోనే పుట్టిందని మాత్రం అనుకోవద్దు.

రాబర్ట్ జాన్సన్ నాలుగురోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్మి విద్య సంపాదించాడనే కథ గిటారు లోకంలో తెలియనివాడు లేడు. ఐక్ జిమ్మర్‌మన్ అనే నల్ల గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడని యెందరికి తెలుసు? నల్లవాడి విద్యకు దెయ్యం కారణం కావచ్చు గానీ సాధన కాకూడదు! పేరు, డబ్బు విషయమూ అంతే. ‘హోల్ లాటా లవ్’ తన పాటలోంచి వచ్చిందని లెడ్ జెపెలిన్ మీద విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1987లో రాజీ కుదిరింది. మనలాంటి పరిశోధకులూ దీనికి బయట లేరు. 1941లో మడ్డీని రికార్డు చేసినప్పుడు అలన్ లోమాక్స్ పక్కన ఫిస్క్ యూనివర్సిటీ నల్ల అధ్యాపకుడు జాన్ వర్క్ వున్నాడు. లోమాక్స్ పేరు లోకమంతా తెలిసింది. వర్క్ రాతప్రతి పుస్తకంగా వచ్చింది 2005లో, ఆయన చనిపోయిన 38 యేళ్ళకు.

దీంతో మనకేం పని? 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరు పెట్టుకున్నప్పుడే యీ చుట్టరికం కలిసింది. అక్కణ్ణించి పేరు తెచ్చుకున్నాం, కోపం తెచ్చుకున్నాం. చెవి తెచ్చుకోలేదు. డప్పుని ధిక్కార చిహ్నమని కవితల్లో రాస్తాం. మంట దగ్గర కాపితే తోలు యెంత బిగిసి యే శ్రుతికి వస్తుంది, సిర్ర చేసే పనేమిటి, చిటికెన పుల్ల చేసే పనేమిటి, వొక దరువులోంచి యింకో దరువులోకి యెట్లా దాటతారు - వీటి మీద మన విమర్శ రాసింది చాలా తక్కువ. మా యింట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. వొక సెమినార్లో స్వరాల గురించి మొదలుపెడితే ‘అవి సంగీతంవాళ్ళు చూసుకుంటారు, మీరు మీ అనుభవం చెప్పండి’ అన్నాడొక పెద్దమనిషి. గౌరవంగానే అన్నాడు. వాళ్ళకి శాస్త్రం, మనకి అనుభవం. యీ పంపకం దగ్గరే పేచీ.

గిటారు పట్టిన పిల్లలు మన హాస్టళ్ళలోనూ వున్నారు. వాళ్ళు సామాను జాబితా పక్కనపెట్టి 1941, 1948 రికార్డులు వరసగా వినాలి. పాదం పాడి, మిగిలిన బార్లు గిటారుకి వదిలిపెట్టి చూడాలి. పరిశోధన చేసేవాళ్ళు డప్పు కొట్టే పెద్దల దగ్గర కూర్చుని గురువు పేరు, దరువు పేరు, దెబ్బల లెక్క రాసుకోవాలి. ఆ పెద్దలు బతికుండగానే, వాళ్ళ పేర్లతోనే అవి అచ్చు కావాలి. జాన్ వర్క్ రాతలకు పట్టినంత కాలం పట్టకూడదు.