డబ్బా దగ్గరే తేలిపోతుంది

చెట్లు కోసే కోత మిషను ఆగిపోతే రైతు చైనుని తిడతాడు, ప్లగ్గుని తిడతాడు, చివరికి కంపెనీని తిడతాడు. మెకానిక్కు మాత్రం ముందు "పెట్రోలు డబ్బా ఏదీ?" అంటాడు. మా ఉద్దానంలో ఈ ప్రశ్న బాగా అలవాటైపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లని నేలమట్టం చేసి పోయాక, గొడ్డలితో నెలలు పట్టే పని తొందరగా తెమలాలని ఊరూరా ఈ మిషన్లు దిగాయి. పడ్డ చెట్లు ఎప్పుడో పొయ్యిల్లోకీ సామిల్లుల్లోకీ వెళ్లిపోయాయి. మిషన్లు ఉండిపోయాయి. వాటిలో పోసే పెట్రోల్లో ఆయిలు ఎలా కలపాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మెకానిక్కు బల్ల మీద విప్పి పడేసిన పిస్టన్ ఒకటి తీసి చూడండి. అరచేతిలో ఇమిడే అల్యూమినియం ముక్క. సైలెన్సరు వైపు తిప్పితే నిలువునా గీతలు, గోరు పెడితే తగిలేంత లోతు. రింగు ఒకచోట గాడిలోనే అతుక్కుపోయి ఉంటుంది. పెట్రోలు వచ్చే వైపు తిప్పితే కొత్తదానిలా నున్నగా ఉంటుంది. ఆయిలు చాలని పెట్రోలు తాగిందేమోనని అనుమానించడానికి ఆ తేడా చాలు.

"ఏటి బాబాయ్, ఒట్టి పెట్రోలు పోసీసినావేటి?"

"లేదురా, ఆయిలు ఏసినాను."

"ఎంతేసినావు?"

బాబాయ్ బొటనవేలూ చూపుడువేలూ గాల్లో రెండంగుళాలు చూపిస్తాయి. ఏ సీసాలో రెండంగుళాలో ఆయనకే తెలీదు.

మోటారు సైకిలు ఇంజిన్లో ఆయిలుకి అడుగున వేరే చోటుంది. కోత మిషనుకి ఆ చోటు పెట్టలేదు. పక్కకి వంచి, తిరగేసి, కొమ్మ కింద నుంచి పైకి కోసే పనిముట్టు కదా, అడుగున నిలిచే ఆయిలు దానికి పనికిరాదు. అందుకే పెట్రోల్లోనే ఆయిలు కలుపుతారు. ఆ పెట్రోలు గాలితో కలిసి క్రాంకు తిరిగే గదిలోంచే పైకి వెళ్తుంది. బేరింగులకైనా బోరుకైనా అందే జిడ్డు ఆ దారిలో అంటుకున్నదే. ఫుల్ రేసులో ఈ ఇంజిను నిమిషానికి 12, 13 వేల చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 200 పైమాటే. ఆయిలు లేకపోతే పట్టేయడానికి ఎంతోసేపు అక్కర్లేదు.

లూనా, చేతక్, రాజ్‌దూత్ నడిపిన వాళ్లకి ఈ పాఠం అవసరం లేదు. బంకులో కుర్రాడు "ఆయిలు కొట్టమంటారా?" అని అడిగి, పక్కనున్న చిన్న పంపుతో కొట్టేవాడు. నాలుగు స్ట్రోకుల బళ్లొచ్చాక ఆ పంపు పోయింది, దాంతోపాటే ఆ లెక్కా పోయింది. తండ్రి చేతికి అలవాటైన పని కొడుకుదాకా రాలేదు. తీరా చూస్తే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు, ఈ కోత మిషను, చాలావాటిలో ఉన్నది మళ్లీ ఆ రెండు స్ట్రోకుల ఇంజినే.

లెక్క కష్టమైనదేం కాదు. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల 2టి ఆయిలు, అంటే రెండు స్ట్రోకుల ఆయిలు. 25కి 1 అంటే 40. ఏది వాడాలో మిషను పుస్తకంలో ఉంటుంది. కొన్ని కంపెనీలు తమ ఆయిలైతే 50కి 1 అనీ, బయటి ఆయిలైతే ఇంకాస్త ఎక్కువ కలపమనీ రాస్తాయి. నాకు నచ్చిన కొలత మందుల షాపులో దొరికే 20 మిల్లీల సిరంజి. సూది లేకుండా కొనుక్కుని, దాన్ని ఈ పనికే ఉంచేస్తే 50కి 1 లెక్కన లీటరుకి ఒక సిరంజి, 5 లీటర్లకి 5. ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిలు, మూత పెట్టి బాగా ఆడించి, ఆపైన మిగతా పెట్రోలు పోసి మళ్లీ ఆడించాలి. మిషన్లో కలపకూడదు, డబ్బాలోనే కలపాలి. మర్నాడు వాడేటప్పుడు డబ్బాని మరోసారి ఆడించాలి.

"రెండు చుక్కలు ఎక్కువైతే మంచిదేగా" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వంటలో నూనె సంగతి వేరు. ఇక్కడ ఎక్కువైన ఆయిలు కాలకుండా ప్లగ్గు మీద మసిగా పడుతుంది, సైలెన్సరు దారి మూసేస్తుంది, మిషను పొగలు కక్కుతూ లాగలేక ఏడుస్తుంది. ఏ ఆయిలైనా ఒకటే అనుకోవడం మరో ముచ్చట. మోటారు సైకిల్లో పోసే నాలుగు స్ట్రోకుల ఆయిలు దీనికి పనికిరాదు. బోటు ఇంజిన్లకమ్మే ఆయిలూ వద్దు. నీళ్లతో చల్లబడే ఇంజిను కోసం చేసింది అది. ఇది గాలితో చల్లబడేది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఇథనాల్. బంకుల్లో వస్తున్న మామూలు పెట్రోల్లో అది 20 శాతం దాకా ఉంటోంది. చాలా మిషన్ల పుస్తకాలేమో 10 శాతం దాటొద్దంటాయి. ఇథనాల్ గాల్లోని తేమని పీలుస్తుంది. మా సముద్రపు గాలిలో ఆ తేమకి కొరతా? నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ఆయిలు మాత్రం పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. టాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివరనున్న ఫిల్టరు ఎప్పుడూ అడుగునే పడి ఉంటుంది. అంటే ఆయిలు సరిగ్గా కొలిచి కలిపినవాడి మిషను కూడా ఆయిలు లేని అడుగు నీళ్లే తాగొచ్చు. కార్బొరేటరులోని పల్చటి రబ్బరు పొరలు ఉబ్బడం, గట్టిపడటం దీనికి అదనం. నా మటుకు నేను నెల దాటిన డబ్బా పెట్రోలు మిషన్లో పొయ్యను. వారానికి చాలినంతే కలుపుకుంటే ఈ బాధే ఉండదు.

ఇదంతా మిషను ప్రాణం సంగతి. మనిషి ప్రాణం సంగతికొస్తే, నాకు కోపం తెప్పించేది లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా. నీలంగానో పచ్చగానో రంగున్న 2టి ఆయిలు కలిసిన పెట్రోలు ఆ సీసాలో అచ్చం కూల్‌డ్రింకులాగే ఉంటుంది. జీడితోటలో మిట్టమధ్యాహ్నం దాహంతో వచ్చిన పిల్లాడికి తేడా ఏం తెలుస్తుంది? తాగితే వాంతి చేయించకూడదు, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ఈ విషయంలో మనకన్నా ఎక్కువ జాగ్రత్తపడింది. అమ్మకానికి కాకుండా లైసెన్సు లేకుండా ఉంచుకునే పెట్రోలు మొత్తం 30 లీటర్లు దాటకూడదంది. గాజు సీసా, జాడీ అయితే లీటరు లోపు, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల లోపు ఉండాలంది. ఆవకాయ జాడీలో పెట్రోలేమిటని నవ్వొస్తుంది గానీ, ఆ వరసలో ప్లాస్టిక్ నీళ్ల సీసా లేదని గమనించండి. బంకులో డబ్బా నింపించుకునేటప్పుడు బండి సీటు మీద పెట్టి కాదు, నేల మీద దించి పట్టించుకోవాలి. రాపిడికి పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలదు. మన దగ్గర మే నెల ఎండ అటువైపు 40 దాటుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోకుండా నేల మీద పాకుతూ దూరంగా ఉన్న బీడీనీ, టీ కాచే పొయ్యినీ వెతుక్కుంటుంది. ఇంజిను ఆపి, చల్లబడనిచ్చి, ఎండుటాకులు ఊడ్చిన చోట మిషను పెట్టి, మూత మెల్లగా తిప్పాలి. వేడెక్కిన టాంకులో ఒత్తిడి ఉంటుంది. ఒక్కసారిగా తెరిస్తే పెట్రోలు ముఖం మీదకి చిమ్ముతుంది, పక్కనే కాలే సైలెన్సరు. పోశాక మూత బిగించి, ఒలికింది తుడిచి, కనీసం 10 అడుగులు అవతలికి వెళ్లాకే తాడు లాగాలి. లుంగీ మీద ఒలికితే లుంగీ మార్చుకోవాలి. ఎండకి ఆరిపోతుందిలే అనే పెద్దమనిషితో వాదించి లాభం లేదు, మిషను చేతిలోంచి తీసుకోవడమే.

ఊళ్లో మిషను ఉన్నాక అరువడిగేవాళ్లు తప్పరు. "పెట్రోలు మేమే పోసుకుంటాంలే అన్నా" అంటారు, మర్యాదకి. నేను ఒప్పుకోను. కలిపిన డబ్బాతో సహా ఇచ్చి పంపిస్తాను. అయిన పెట్రోలుకి డబ్బులిస్తే తీసుకుంటాను, పెట్రోలు తెచ్చిస్తామంటే వద్దంటాను.