కొలిచి చెప్పినవాళ్లు

మిర్యాలగూడలో వడ్లకు ధర కట్టే ముందు తేమ చూస్తారు; ప్రభుత్వ కొనుగోలుకైతే 17 శాతం దాటకూడదు. నోటిమాట చెల్లదు. కంప్యూటర్ విడిభాగాలకూ అలాంటి కొలత పెట్టినవాళ్లు రివ్యూ రచయితలు. 1997లో పద్నాలుగేళ్ల ఆనంద్ లాల్ షింపీ మొదలుపెట్టిన ఆనంద్‌టెక్ సైటే చూడండి. ఒకే మెషీన్లో కార్డులు మార్చి మార్చి బిగించి, అదే పరీక్షను మళ్లీ మళ్లీ నడిపి, వేగం, వేడి, కరెంటు ఖర్చు పట్టికకెక్కించడం ఎంతో ఓపిక కావాల్సిన పని. అట్టపెట్టె మీద గొప్ప వేగం రాసుకున్న కొన్ని చవక ఎస్‌ఎస్‌డీలు ఫైళ్లు రాసేటప్పుడు క్షణంపాటు బిగుసుకుపోతాయని 2009 నాటికే ఆనంద్‌టెక్ అంకెలతో చూపించింది.

ఆ సైటు 2024 ఆగస్టు 30న ఆగిపోయింది. ఇప్పుడు తెలుగులోనే వీడియోలున్నాయిగా అంటారు. నిజమే, ఇంగ్లిష్ రాని కోదాడ కుర్రాడికి అవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ వీడియోలో అంకె రెప్పపాటులో దాటిపోతుంది. పట్టిక నిలిచి ఉంటుంది, పాత సరుకుతో కొత్తదాన్ని పోల్చనిస్తుంది. పరీక్షకు రోజులు పడతాయి, చదివేవాళ్లు తగ్గితే ఆ ఖర్చు గిట్టదు. అందుకే సూర్యాపేటలో ల్యాప్‌టాప్ కొనబోయే మీరు, కొలతలున్న రివ్యూ ఒక్కటైనా పూర్తిగా చదవండి.