నడుమ కూర్చున్న అమ్మాయి

బాలమురళీకృష్ణ గారు వయోలా కూడా వాయించేవారని ఎప్పుడు చెప్పినా, "వయోలిన్ అనబోయారా?" అని నన్ను సరిదిద్దేవాళ్లే ఎక్కువ. చూపుకి రెండూ ఒకటే. వయోలా కాస్త పెద్దది, షడ్జ పంచమాల మధ్య ఉన్నంత దూరం కిందికి పలుకుతుంది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో పై స్థాయి వయోలిన్లది, మంద్రం చెల్లోలది. వయోలాకి దక్కేది నడిమి చోటు.

ఆ చోటు విలువ నాకు తెలిసింది రెబెకా క్లార్క్ వల్ల. 1886లో ఇంగ్లాండులోని హారోలో పుట్టిందామె. తమ్ముడికి వయోలిన్ పాఠాలు చెబుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. లండన్ రాయల్ అకాడమీలో చేరితే, అక్కడి హార్మనీ మాస్టారు పెళ్లి మాటెత్తాడని తండ్రి 1905లో చదువు మాన్పించాడు. (ఆ మాస్టారు వీలునామాలో తన స్ట్రాడివేరియస్ వయోలిన్‌ని ఈమెకే రాశాడు!) తర్వాత రాయల్ కాలేజీలో సంగీత రచన నేర్పిన స్టాన్‌ఫర్డ్, వయోలిన్ వదిలి వయోలా పట్టమన్నాడు. నాదం మధ్యలో కూర్చుంటే దాన్ని ఎలా అల్లారో తెలుస్తుందని ఆయన మాట. వయోలా దిగ్గజం లయొనెల్ టెర్టిస్ దగ్గర కూడా ఆమె నేర్చుకుంది.

సంగీతం రాయదలచినవాళ్లకి ఇంతకన్నా మంచి సలహా ఉంటుందనుకోను. వరస వాయించేవాడికి తన పాటే లోకం. నడుమ ఉన్నవాళ్లు పైనా కిందా వింటూ వాయించాలి. వాళ్ల స్వరం ఒక్కటి జరిగితే మొత్తం రంగు మారిపోతుంది.

అయితే గురువు మాటే ఆమెని వృత్తిలోకి తెచ్చిందంటే నేనొప్పుకోను. తెచ్చింది అవసరం. తండ్రి పరస్త్రీ వ్యవహారాలను తప్పుపట్టినందుకు 1910లో ఆయన ఆమెని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. కాలేజీ ఆగిపోయింది. ఇక తిండి పెట్టాల్సింది వయోలాయే. హెన్రీ వుడ్ తన క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలోకి స్త్రీలను తీసుకున్నప్పుడు వారిలో ఈమె ఒకరు. అలా ఏళ్ల తరబడి పరుల రచనలను లోపలినుంచి వింటూ బతికింది.

ఆ వినికిడంతా 1919 నాటి వయోలా సొనాటాలో ఉంది. అమెరికాలో పేర్లు దాచి నడిపిన పోటీలో అది ఎర్నెస్ట్ బ్లాక్ రచనతో సమానంగా నిలిచింది. పోటీ పెట్టిన ఎలిజబెత్ కూలిడ్జ్ ఓటు బ్లాక్ వైపు పడింది. రెండోది ఆడమనిషి రాసిందంటే కొందరు నమ్మలేదు. రెబెకా క్లార్క్ అన్నది బ్లాక్ మారుపేరేమో అని కూడా అన్నారు.

బ్లాక్ రచనా గొప్పదే. నా ఓటు మాత్రం క్లార్క్‌కి. మొదటి నిమిషం విని చూడండి, వయోలా పక్కవాద్యమని ఇంకెప్పుడూ అనరు.