మతీస్ తొలినాటి ‘లా దెసెర్త్’: వస్తువు, వెలుగు, వడ్డన

వ్యాససంగ్రహం:
ఫ్రెంచ్ ఆధునిక చిత్రకారుడు ఆన్రీ మతీస్ (1869–1954) 1896–97లో చిత్రించిన ‘లా దెసెర్త్’ను విమర్శకులు తరచుగా 1908 నాటి ‘ఎరుపులో సామరస్యం’ చిత్రానికి పూర్వరూపంగా పరిగణిస్తారు. తొలిచిత్రానికి స్వతంత్రమైన ఇతివృత్తం ఉందనీ, వడ్డనకు ముందు జరిగే శ్రమయే ఆ ఇతివృత్తమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మతీస్, నిశ్చలచిత్రణ, ఇంప్రెషనిజం, తొలికృతి, శ్రమ.

1. ఉపోద్ఘాతం:
కళాకారుల తొలికృతుల విషయంలో విమర్శ సాధారణంగా రెండు మార్గాలను అనుసరిస్తుంది. అవి అపరిపక్వాలని పక్కన పెట్టడం ఒకటి; తరువాతి మహాకృతులకు బీజాలని మెచ్చుకోవడం మరొకటి. రెండవ మార్గం గౌరవప్రదంగా కనిపించినా, అందులోనూ తొలికృతికి సొంత విలువ దక్కదు. ‘లా దెసెర్త్’ ఈ రెండింటికీ లోనైన చిత్రం.

2. నేపథ్యం:
మతీస్ గుస్తావ్ మోరో శిష్యుడు. లూవ్ర్ మ్యూజియంలోని పూర్వుల చిత్రాలకు నకళ్లు తీయడం ఆనాటి శిక్షణలో ముఖ్యభాగం. 1893లో మతీస్ అక్కడ 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు యాన్ దావిట్స్ ద హేమ్ చిత్రించిన భోజనపు బల్లకు నకలు తీశాడు. ఫ్రెంచిలో ఆ చిత్రాన్నీ ‘లా దెసెర్త్’ అనే పిలుస్తారు. వస్తువుల బరువును, నిగ్గును కంటికి కట్టించే డచ్ సంప్రదాయం అతనికి అలా అలవడింది. 1896 వేసవిలో బెల్ ఈల్ ద్వీపంలో ఆస్ట్రేలియా చిత్రకారుడు జాన్ పీటర్ రసెల్‌తో ఏర్పడిన పరిచయం ఇంప్రెషనిస్టుల వర్ణవిధానాన్ని చేరువ చేసింది.

ఈ రెండు విద్యలూ కలిసిన కాన్వాస్ ‘లా దెసెర్త్’. ఎత్తు దాదాపు 100 సెంటీమీటర్లు, వెడల్పు 131 సెంటీమీటర్లు. 1897లో సొసియెతే నాస్యొనాల్ దే బోజార్ ప్రదర్శనలో దీనికి ఆదరణ లభించలేదు.

3. చిత్రవిశ్లేషణ:

3.1 గాజు:
తెల్లని గుడ్డ పరచిన బల్ల చిత్రతలంలో అధికభాగాన్ని ఆక్రమిస్తుంది. దాని మీద మద్యం నింపిన గాజుకూజాలు, గ్లాసులు, పండ్లు పేర్చిన ఎత్తుపళ్లేలు ఉన్నాయి. గుడ్డ తెలుపులో అనేక వర్ణచ్ఛాయలు కలిసి ఉన్నాయి.

ఈ చిత్రంపై వచ్చిన రెండు స్పందనలు గమనార్హం. మోరో శిష్యుణ్ని సమర్థిస్తూ, ఆ కూజాలు ఎంత దృఢంగా నిలిచాయంటే వాటి బిరడాలకు తన టోపీ తగిలించవచ్చునన్నాడు. ప్రేక్షకులు మాత్రం కూజాల అడుగున సూక్ష్మక్రిములున్నాయని ఆక్షేపించినట్లు మతీస్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. అవి క్రిములను గురించిన భయం ప్రబలిన రోజులు. గురువు చూసినది వస్తువు బరువును. ప్రేక్షకులను కలవరపెట్టినది గాజులో చెదిరిన వెలుగు. ఒకే కూజా రెండు విరుద్ధ స్పందనలకు తావిచ్చింది. గాజుకు బరువూ ఉంది, వెలుగును లోనికి రానిచ్చే గుణమూ ఉంది. డచ్ సంప్రదాయం, ఇంప్రెషనిజం పొత్తు కుదిరిన స్థానం అదే.

3.2 పరిచారిక:
నిశ్చలచిత్రణలో వస్తువులను అమర్చిన చేతులు సాధారణంగా కనిపించవు. పాత్రలు తమంతట తామే అక్కడికి చేరినట్లుంటాయి. ఇక్కడ కుడివైపున నల్లని దుస్తులు, తెల్లని టోపీ ధరించిన పరిచారిక బల్ల మీదికి వంగి పూలను సర్దుతున్నది. అతిథులు ఇంకా రాలేదు. బల్ల నిండుగా ఉన్నా ఆమె పని ముగియలేదు. వస్తువులను పొందికగా అమర్చడం చిత్రకారుని పని కూడా కనుక, నిశ్చలచిత్రం రూపొందే ప్రక్రియయే ఇక్కడ దృశ్యమైంది.

4. 1908 నాటి చిత్రంతో తులన:
సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్న ‘ఎరుపులో సామరస్యం’లోనూ బల్ల, కూజాలు, కుడివైపు పరిచారిక ఉన్నారు. అయితే గోడ, బల్లగుడ్డ ఒకే ఎరుపులో లీనమయ్యాయి. రెండింటి మీదా ఒకే నీలి లతాలంకారం అల్లుకుంది. పరిచారిక ఆకృతి ఆ లతల వంపులకు అనుగుణంగా మారింది. వర్ణానికి లభించిన ఈ స్వాతంత్ర్యం ఆధునిక చిత్రకళలో గొప్ప విజయం. అందులో సందేహం లేదు.

అయితే ఆ విజయానికి చెల్లించిన మూల్యాన్ని కూడా విమర్శ లెక్కించాలి. బరువున్న వస్తువునే ఎవరో ఒకరు మోసుకువచ్చి బల్ల మీద పెట్టాలి. 1908లో వస్తువులు బరువును కోల్పోవడంతో ఆమె పని కూడా అలంకారంలో కలిసిపోయింది. 1897లో అది పనిగానే మిగిలింది. మోరో మెచ్చిన దృఢత్వం పాతకాలపు నైపుణ్యప్రదర్శనగా తోచవచ్చు. కాని పరిచారిక శ్రమను నమ్మదగినదిగా చేసినది ఆ దృఢత్వమే.

5. ముగింపు:
‘లా దెసెర్త్’లోని బరువును మతీస్ ఇంకా వదిలించుకోలేని లోపంగా భావిస్తే, చిత్రంలోని మనిషి విమర్శ దృష్టి నుంచి తప్పిపోతుంది. తొలికృతిని అంచనా వేయడానికి తరువాతి కృతి ఒక్కటే కొలమానం కారాదు. తొలికృతిలో ఉండి తరువాత కనుమరుగైన అంశాలను కూడా నమోదు చేసినప్పుడే కళాకారుని పరిణామచరిత్ర సమగ్రమవుతుంది. మతీస్ విషయంలో ఆ నమోదు ఈ పరిచారిక చేతులతో మొదలుకావాలి.