కంటికి కనబడని సూర్యుడు: మన విజ్ఞాన రచనలలో ఒక వెలితి

సూర్యుణ్ణి గురించి తెలుగులో వ్రాసేవారికి కొదవ లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయలుదేరినప్పుడూ, 2024 జనవరి 6న అది తన కక్ష్యను చేరినప్పుడూ, అదే సంవత్సరం మే 10న పెద్ద సౌరతుఫాను భూమిని తాకినప్పుడూ పత్రికల పుటలు సూర్యునితో నిండిపోయినాయి. సంతోషించవలసిన విషయమే. కాని నేను చదివినంతలో ఆ రచనలన్నిటికీ సూర్యుడంటే కంటితో చూడదగిన వస్తువు మాత్రమే. మంటలు, మచ్చలు, రంగురంగుల బొమ్మలు. రేడియో తరంగాలలో సూర్యుణ్ణి పరిశీలించే పద్ధతికి ఎక్కడో ఒక వాక్యం దక్కుతుంది. ఆ ఒక్క వాక్యమూ సాధారణంగా ఇలా ఉంటుంది: "సూర్యుడు చేసే శబ్దాన్ని శాస్త్రజ్ఞులు విన్నారు."

ఈ వాక్యం తప్పు. సూర్యునికీ మనకూ మధ్య శబ్దాన్ని మోసుకొని వచ్చే గాలి లేదు. వచ్చేవి విద్యుదయస్కాంత తరంగాలు, అనగా వెలుగుకు పెద్దన్నలు. రేడియో ఇంజనీర్లు తమ గ్రాహకంలో అక్కరలేని అలజడిని దేనినైనా "నాయిస్" అంటారు. దానిని మనవారు "శబ్దం" అని తెలిగించినారు. మాట మారగానే భావమే మారిపోయింది. గ్రాహకానికి స్పీకరు తగిలిస్తే వినవచ్చే హోరు స్పీకరుది, సూర్యునిది కాదు. "రేడియో అలజడి" అంటే సరిపోతుంది. పదవ తరగతి పిల్లవాడికి ధ్వనికి యానకం కావాలని ఒక పాఠంలో చెప్పి, సూర్యుని శబ్దం విన్నామని వేరొకచోట వ్రాస్తే వాడు దేనిని నమ్మాలి?

ఆ అలజడి బయటపడిన కథ ఎంతో రసవత్తరమైనది. 1942 ఫిబ్రవరి 27, 28 తేదీలలో బ్రిటిషు సైన్యపు రాడార్లు 4 నుంచి 6 మీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద పనికిరాకుండా పోయినాయి. శత్రువే అడ్డుపెడుతున్నాడనుకొన్నారు. విచారణకు నియమితుడైన జె. ఎస్. హే, వేర్వేరు స్థావరాలవారు చెప్పిన దిక్కులను పోల్చి చూచినాడు. అవన్నీ సూర్యుని వైపే చూపుతున్నాయి, సూర్యునితోపాటే కదులుతున్నాయి. ఆ రోజులలో సూర్యబింబం మధ్యన పెద్ద మచ్చల గుంపు ఉన్నదని గ్రీనిచ్ వేధశాల చెప్పింది. యుద్ధ రహస్యం కావడంచేత ఈ సంగతి 1946లో గాని అచ్చు కాలేదు. అదే సంవత్సరం, సూర్యుని నుంచి రేడియో శక్తి ఏ పరిస్థితులలో బయటికి రాగలదో చర్చిస్తూ మన మేఘనాథ్ సాహా "నేచర్" పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినాడు. సాహా పేరుమీద అయనీకరణ సమీకరణాన్ని చెప్పే మన పాఠకులలో ఎందరికి ఈ వ్యాసం సంగతి తెలుసు?

సాహా పట్టించుకొన్న ప్రశ్నలోనే అసలు కీలకం ఉన్నది. సూర్యుని చుట్టూ కరోనా అనే పలుచని వేడి వాతావరణం ఉన్నది. (2020 తరువాత పిల్లలు ఈ మాట వినగానే రోగం అనుకొంటారు. రెండింటికీ పేరు కిరీటం నుంచే వచ్చిందని ఉపాధ్యాయులు ఒకసారి చెప్పితే చాలు.) కరోనాలో ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరుగుతూ ఉంటాయి. ఇవి ఎంత దట్టంగా ఉంటే, అంత ఎక్కువ పౌనఃపున్యం వరకు రేడియో తరంగాలను దాటనీయవు. ఘన సెంటీమీటరులోని ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం తీసి 9,000తో గుణిస్తే ఆ హద్దు హెర్ట్జ్‌లలో వస్తుంది. 10 కోట్ల ఎలక్ట్రాన్లుంటే 90 మెగాహెర్ట్జ్. అంతకు తక్కువ పౌనఃపున్యపు తరంగం ఆ పొరనుంచి గాని, దాని కిందనుంచి గాని బయటపడలేదు. కరోనా పైకి పోయినకొద్దీ పలుచబడుతుంది కాబట్టి, తక్కువ పౌనఃపున్యం ఎక్కువ ఎత్తునుంచి వస్తుంది. రేడియో మీట తిప్పడమంటే కరోనాలో మెట్లు ఎక్కడమూ దిగడమూ అన్నమాట.

ఇది తెలిసినవారెవరూ "కరోనా గ్రహణంనాడే కనిపిస్తుంది" అని వ్రాసి ఊరుకోలేరు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు సమీపాన జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. మూడు నిమిషాలైనా లేని ఆ చీకటికోసం ఎంత సన్నాహం జరిగిందో పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. బింబాన్ని పరికరంలోనే కప్పి చూచే కరోనాగ్రాఫు 1930 ప్రాంతం నుంచే ఉన్నమాట నిజం. అయితే గ్రహణమైనా, కరోనాగ్రాఫైనా చూపేది బింబం అంచు బయటి భాగాన్నే. మీటరు తరంగాలలో బింబానికి ఎదురుగా, అంటే మనవైపు ఉన్న కరోనా కూడ కనిపిస్తుంది, అదీ గ్రహణంతో పనిలేకుండా, మబ్బు పట్టిన పగలు కూడ.

తరగతిలో చేయదగిన లెక్క ఒకటి చెప్తాను. 80 మెగాహెర్ట్జ్‌కు ఘన సెంటీమీటరుకు సుమారు 8 కోట్ల ఎలక్ట్రాన్లు, 40కి 2 కోట్లు. న్యూకిర్క్ 1961లో ఇచ్చిన సాంద్రత సూత్రం ప్రకారం మొదటిది సూర్యుని ఉపరితలం నుంచి 2.2 లక్షల కిలోమీటర్ల ఎత్తున, రెండవది 4.3 లక్షల కిలోమీటర్ల ఎత్తున వస్తుంది. ఒక విస్ఫోటపు అలజడి 80 నుంచి 40కి రెండు సెకండ్లలో దిగజారితే, దానిని పుట్టించినది సెకండుకు లక్ష కిలోమీటర్ల వేగంతో పోయింది. అది ఎలక్ట్రాన్ల గుంపు తప్ప వేరొకటి కాజాలదు. అదే దిగుదలకు మూడున్నర నిమిషాలు పడితే వేగం సెకండుకు వెయ్యి కిలోమీటర్లు: ఇది కరోనాను చీల్చుకొనిపోయే అఘాత తరంగం. ఆస్ట్రేలియాలో వైల్డ్, మెక్రెడీ 1950లో ఇటువంటి తేడాలనుబట్టే విస్ఫోటాలను మూడు తెగలుగా విభజించినారు. (అలజడి కొన్నిసార్లు రెట్టింపు పౌనఃపున్యంలో కూడ వస్తుంది. అప్పుడు లెక్క కొంచెం మార్చుకోవాలి.) గడియారం, వర్గమూలం చాలు. ఇంత సులువైన లెక్క మన జనరంజక గ్రంథాలలోకి రాకపోవడమే నా ఫిర్యాదు.

ఈ పని ఎక్కడో జరుగుతున్నదని వదిలేశారేమో అనుకొందామా? హిందూపురానికి పొరుగున, ఎల్ల దాటగానే గౌరిబిదనూరు. అక్కడ 1970ల నుంచి 34.5 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసిన వెయ్యి డైపోళ్ల దూరదర్శిని ఉండేది. 1997 నుంచి అక్కడే సూర్యునికోసమే కట్టిన రేడియోహీలియోగ్రాఫు 40 నుంచి 150 మెగాహెర్ట్జ్ మధ్య కరోనాకు చిత్రాలు తీస్తున్నది. దానిని చూడవచ్చినవాడు నిరాశపడతాడేమో: పెద్ద పళ్లెం లేదు, గోపురం లేదు. పాతకాలపు టీవీ ఏరియళ్లవంటివి ఇంగ్లీషు "టి" ఆకారంలో పొలంలో వరుసగా నిలబడి ఉంటాయి. అంత పొడుగున ఎందుకు? మన కంటిపాప రెండు మిల్లీమీటర్లే అయినా అందులో నాలుగు వేల వెలుగు తరంగాలు పడతాయి. 80 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3.75 మీటర్లు. కంటికున్న పదును దీనికి రావాలంటే 15 కిలోమీటర్ల కంటిపాప కావాలి. సూర్యుడు చుక్క కాదు, బింబమని తెలుసుకోవడానికే 430 మీటర్లు కావాలి.

మళ్లీ ఆదిత్య సంగతికి వస్తాను. అందులోని ఏడు పరికరాలలో రేడియో గ్రాహకం ఒక్కటీ లేదు. అందులో కరోనాను చూచే ముఖ్య పరికరాన్ని తయారుచేసినది బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ. గౌరిబిదనూరు ఏరియళ్లు కూడ ఆ సంస్థవే. ఒకే ఇంటివారు ఆకాశంలో ఒక కన్ను, నేలమీద ఒక ఏరియలు పెట్టుకొన్నారు. మన వ్యాసాలు రాకెట్టు ఎగిరిన కన్నును పొగిడి, పొలంలోని ఏరియలును మరచిపోయినాయి. పరికరం ఖరీదునుబట్టి విజ్ఞానాన్ని తూచే అలవాటు ఇది.

సౌరతుఫానుల వార్తలలో ఈ వెలితి మరీ బాధిస్తుంది. ఫోన్లు మూగపోతాయనే భయమే గాని, ముందుగా ఎలా తెలుస్తుందన్న ప్రశ్నే ఉండదు. సూర్యుడు వెదజల్లిన ప్లాస్మా మేఘం భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అది పుట్టించిన అఘాత తరంగపు రేడియో కబురు ఎనిమిది నిమిషాల పైచిలుకులోనే వస్తుంది. ఆ కబురుకు కూడ జాగ్రత్తపడవలసినదే: 1967 మే 23న సూర్యుని రేడియో విస్ఫోటం అమెరికా క్షిపణి హెచ్చరిక రాడార్లను కమ్మివేసింది. సూర్యుణ్ణి పరిశీలించే సైనిక నిపుణులు కారణం సకాలంలో చెప్పబట్టి యుద్ధవిమానాలు లేవలేదు.

ఇక మన ఊళ్లలో విద్యార్థులు స్వయంగా దీనిని పట్టగలరా? కూకట్‌పల్లి నడిబొడ్డున కష్టం. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఎఫ్.ఎం. కేంద్రాలు, ఆ పైన విమానాల సంభాషణ. అన్నిటికంటె కీడు అపార్ట్‌మెంట్లలోని ఎల్.ఇ.డి. దీపాలు, ఛార్జర్లు, లిఫ్టు మోటార్లు. నమ్మకం లేకపోతే పాత ట్రాన్సిస్టరును మీడియం వేవులో కేంద్రంలేని చోట ఉంచి ఛార్జరు దగ్గరకు తీసుకుపోయి చూడండి. అది చేసే గోలలో సూర్యుడు మునిగిపోతాడు. సకల పరికరాలూ కొనగల నగరపు కార్పొరేటు పాఠశాలకంటె, వికారాబాదు దాటి పొలాల నడుమనున్న జిల్లా పరిషత్తు పాఠశాలకే ఈ ఒక్క విషయంలో వసతి ఎక్కువ. అమెరికాలో బడుల కోసం మొదలైన రేడియో జోవ్ పథకం 20 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దాని ఏరియలు రెండు కొయ్యల మధ్య కట్టిన ఏడు మీటర్ల రాగితీగ. గ్రాహకాన్ని బ్యాటరీమీద నడిపితే మేలు. ఊళ్లో కరెంటు పోయిన పూట ఇంకా మేలు.